కవాతు గీతము మన వీథి మేళమునకు వచ్చిన విధము

గ్రంథాలయ రజతోత్సవ సంచికకు వ్యాసమనగానే గ్రంథములను గూర్చియో, కవులను గూర్చియో వ్రాయుట మర్యాద. నేనా మర్యాదను కొంచెము తప్పి ఒక చప్పుడును గూర్చి వ్రాయుచున్నాను. మాఘమాసమునను, వైశాఖమాసమునను సాయంకాలము పఠన మందిరమున కూర్చుండి పత్రిక చదువుకొను సభ్యులెల్లరు నా చప్పుడు నెరుగుదురు. మొదట దూరమున డోలు వినవచ్చును. పిమ్మట పెద్ద డ్రమ్ము మ్రోగును. అటుపిమ్మట సాక్సోఫోను నాదము వీథి మలుపు తిరిగి మన కిటికీలలోనికి వచ్చును. చదువరి పత్రికను మోకాలిపై నుంచి తనకు తెలియకయే పాదముతో తాళము వేయును. పెండ్లి ఊరేగింపు దాటిపోవును. చదువు మరల సాగును.

ఆ మేళము వాయించునది ఒకప్పుడు త్యాగరాజ కీర్తన, ఒకప్పుడు సినిమా పాట. ఒక్కొక్కప్పుడు మాత్రము అది ఏ దూరదేశమందో సైనికుల నడకకై కూర్చిన కవాతు గీతము. ఎనుబదిమందికి పైగా కూర్చుండి వాయించు వాద్యబృందమునకై వ్రాయబడిన గీతమును, ఇద్దరు ముగ్గురు సాక్సోఫోనువారును, నలుగురు చర్మవాద్యకారులును నిలుచుండి, నడచుచు, దుమ్ములో వాయింతురు. అయినను విన్నవారు అది యా గీతమే యని గుర్తింతురు. ఇది యెట్లు సాధ్యమైనది? ఏమి విడిచిరి, ఏమి నిలిపిరి? ఈ విద్య మన సీమకు ఏ దారిని వచ్చినది? హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడూళ్ళ నడుమ నివసించు మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

వాద్యముల రాకపోకలు

హిందూపురమునకు సుమారు పదునైదు కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షి ఆలయమును మనలో చూడనివారు లేరు. అచ్యుతదేవరాయల కాలమున పెనుకొండ కోశాధికారియైన విరూపణ్ణ కట్టించినట్లు ప్రసిద్ధమైన యా ఆలయపు నాట్యమండపమున రంభ నర్తించుచుండగా తుంబురుడు వీణ మీటుచున్నాడు. బ్రహ్మదేవుడంతవాడు మద్దెల వాయించుచున్నాడు. సృష్టికర్తచేత చర్మవాద్యమును వాయింపజేసిన శిల్పికి ఆ వాద్యమునెడ నెంతటి గౌరవముండెనో ఊహింపవచ్చును. ఆ మండపము చెక్కిన నాటికి పాశ్చాత్యుల కవాతు బ్యాండ్లలో నేడు మనము చూచు పెద్ద డ్రమ్మును లేదు, ఇత్తడి తాళములును లేవు.

ఆ రెండును వారికి తూర్పునుండియే లభించినవి. అరబ్బుల నగారా జోడు పదుమూడవ శతాబ్ది ప్రాంతమున, మత యుద్ధముల కాలమున, ఐరోపాకు చేరినది. ఇంగ్లీషువారి పాత భాషలో ఆ వాద్యము పేరు 'నేకర్లు', అది నగారా శబ్దమునుండియే పుట్టినది. పదునెనిమిదవ శతాబ్దిలో టర్కీ సుల్తానుల మెహ్తర్ మేళములను చూచి ఐరోపా సేనలు పెద్ద డ్రమ్మును, ఇత్తడి తాళములను, త్రికోణపు గంటను తమ బ్యాండ్లలో చేర్చుకొన్నవి. కావున మన వీథిలో నేడు మ్రోగు 'బ్యాండు డ్రమ్ము' పరదేశమునుండి వచ్చిన క్రొత్త వస్తువనుట సగము నిజమే. తూర్పున పుట్టి, పడమటికి పోయి, వేషము మార్చుకొని మరల తూర్పునకు వచ్చిన బంధువు అది.

సాక్సోఫోను మాత్రము ఒక్క మనుష్యుని బుద్ధినుండి పుట్టినది. బెల్జియము దేశమున దినాన్ అను ఊర 1814లో జన్మించిన అడాల్ఫ్ సాక్స్ వాద్యములు చేయు కుటుంబమువాడు. ఆరుబయట తీగ వాద్యములు వినబడవు; ఇత్తడి బూరలు వినబడును గాని వేగముగా స్వరములు పలుకలేవు; క్లారినెట్టు వేగముగా పలుకును గాని దాని కంఠము చిన్నది. ఈ లోపములను తీర్చుటకై ఆయన క్లారినెట్టు వంటి ఒంటి రెల్లు పీకను, మొదట సన్నమై పోనుపోను వెడల్పగు ఇత్తడి గొట్టమునకు అమర్చెను. 1845లో పారిస్ నగరపు కవాతు మైదానమున ఆయన క్రొత్త వాద్యములతో గూడిన బ్యాండునకును పాత బ్యాండునకును పోటీ జరుగగా జనులు క్రొత్తదానికే జయము పలికిరి. 1846లో సాక్సోఫోనునకు ప్రత్యేక హక్కు పత్రము లభించెను. తరువాతి కాలమున వ్యాజ్యములలో చిక్కి, పలుమారులు దివాలా తీసి, ఆయన 1894లో పేదరికమున మరణించెను. ఆయన పేరు మాత్రము వాద్యమున నిలిచినది.

మన సన్నాయి గొట్టమును పైన సన్నమై క్రిందికి పోనుపోను వెడల్పగునదే. దాని పీక జంట రెల్లుది, సాక్సోఫోనుది ఒంటి రెల్లుది, ఇంతే భేదము. రెండును ఆరుబయట నిలిచి పలుకుటకే పుట్టినవి. సన్నాయి నెరిగిన చెవి సాక్సోఫోనును త్వరగా అంగీకరించుటకు ఇది యొక కారణము.

కోట బ్యాండునుండి మైసూరు దర్బారు వరకు

పాశ్చాత్య కవాతు గీతమును విని దానిని మన వాద్యమునకును, మన గళమునకును అమర్చిన ప్రసిద్ధ పురుషులలో మొదట చెప్పదగినవాడు ముత్తుస్వామి దీక్షితులు (1775–1835). మద్రాసు సమీపమున మణలి జమీందారుల ఆదరణమున నున్న కాలమున ఆయనయు, తమ్ముడు బాలుస్వామి దీక్షితులును సెయింటు జార్జి కోటలోని ఇంగ్లీషు బ్యాండును వినిరి. తమ్ముడు ఫిడేలు నేర్చి దానిని కర్ణాటక సంగీతమునకు తెచ్చెను. అన్న ఆ బ్యాండు మెట్లకు సంస్కృత సాహిత్యములను కూర్చెను. వానినే నోట్టుస్వర సాహిత్యములందురు. ఇంగ్లండు రాజగీతపు మెట్టులో అమ్మవారిని స్తుతించు సాహిత్యమును ఆయన రచించెను. ఈ సాహిత్యములన్నియు శంకరాభరణ స్వరములలో, గమకములు లేక, సూటిగా నడచునవి.

ఇచట మనము గమనింపవలసినది ఒకటి కలదు. కోటలో దీక్షితులు విన్నది ఒక్క గొంతు కాదు. మెట్టు నొకరు, దాని క్రింద మంద్రస్వరమును మరియొకరు, నడుమ పూరకస్వరములను వేరొకరు వాయించుచుండగా కలిసి వచ్చిన నాదము. ఆయన అందులో మెట్టును, నడకను గ్రహించి, తక్కిన దానిని విడిచెను. తెలియక విడిచినది కాదు. మన సంగీతమునకు అది అక్కరలేదని యెరిగి విడిచినది. అమరికలో మొదటి పాఠము ఇదియే: దేనిని విడువవలయునో తెలిసినవాడే దేనినైనను నిలుపగలడు.

ఎదురు దారిని నడచినవారును కలరు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున మద్రాసులో ఎ. ఎం. చిన్నస్వామి మొదలియారు మన కీర్తనలను పాశ్చాత్యుల అయిదు గీతల లిపిలోనికి మార్చి అచ్చువేయించెను. ఆయన ప్రోత్సాహమే సుబ్బరామ దీక్షితులచేత 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని వ్రాయించినది. అది 1904లో ఎట్టయపురమున తెలుగు లిపిలో అచ్చయినది. పట్నము సుబ్రహ్మణ్య అయ్యరు (1845–1902) కల్పించిన రాగమునకు 'కదనకుతూహలము' అని పేరు. పేరులోనే యుద్ధోత్సాహము, నడకలో బ్యాండు మెట్టు. అందలి 'రఘువంశ సుధాంబుధి' కృతిని నేటికిని సాక్సోఫోనువారు మక్కువతో వాయింతురు.

ఇక మన సీమ మాట. 1800లో నిజాము ఇంగ్లీషు కుంఫిణీకి దత్తము చేసిన మండలములలో మన ప్రాంతము చేరినది. 1882లో బళ్ళారి జిల్లానుండి అనంతపురము జిల్లా విడివడినది. 2022లో మన మూడూళ్ళును శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. పాలన పేర్లు మారినను ఊళ్ళు కదలవు గదా! ఉత్తరమున బళ్ళారి దండు, దక్షిణమున 1809లో వెలసిన బెంగుళూరు దండు; రెంటి నడుమ మనము. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున గుంతకల్లు – బెంగుళూరు రైలుమార్గము ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా పడినపిమ్మట దండు పాటలు వినుట మనవారికి దుర్లభము కాలేదు.

మైసూరు దసరా వైభవమునుగూర్చి మన పెద్దలు చెప్పుట మనము విన్నదే. నాల్గవ కృష్ణరాజ ఒడయరు (1884–1940) కొలువున పాశ్చాత్య వాద్యబృందమును, కర్ణాటక బ్యాండును రెండును పోషింపబడినవి. ఆ మహారాజు వీణ, ఫిడేలు, పియానోలతోపాటు సాక్సోఫోనును కూడ వాయించెడివాడని చెప్పుదురు. అచట ఆస్థాన విద్వాంసుడైన హరికేశనల్లూరు ముత్తయ్య భాగవతారు శంకరాభరణమున కూర్చిన 'ఇంగ్లీషు నోటు'ను తరువాత మదురై మణి అయ్యరు కచేరీలలో గొప్ప ప్రచారమునకు తెచ్చెను. మన అనంతపురము జిల్లా రాళ్ళపల్లి గ్రామమున పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ మైసూరుననే దీర్ఘకాలము తెలుగు పండితులుగా నుండిరి. ఆయనను గూర్చి చివర మరల చెప్పెదను.

ఆ రాజభవనపు బ్యాండులోనే మంగుళూరు ప్రాంతపు బాలుడొకడు సాక్సోఫోను విని మోహితుడయ్యెను. అతడే కద్రి గోపాలనాథుడు (1949–2019). నాదస్వర విద్వాంసుని కుమారుడు. స్వరమునకు స్వరము మెట్లుగా నిలుచు ఆ వాద్యమున గమకము పలికించుటకు ఆయన సంవత్సరముల తరబడి శ్రమపడెను. వాద్యముననే కొన్ని మార్పులు చేసికొనెను. 1994లో లండను నగరపు ఆల్బర్టు హాలున బి.బి.సి. వారి సంగీతోత్సవమున వాయించెను. 2004లో పద్మశ్రీ నందెను. కవాతు కొరకు పుట్టిన వాద్యము ఆయన చేతిలో రాగాలాపనము చేసినది. కన్నడ సీమయందు పెండ్లి మేళములలో సాక్సోఫోను సన్నాయి ప్రక్కను నిలిచినది. సరిహద్దున నున్న మనకును అది దగ్గరయైనది.

మదనపల్లె పాఠము

ధర్మవరమునుండి పాకాలకు పోవు రైలుమార్గమున మదనపల్లె రోడ్డు అను స్టేషను కలదు. ఆ మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలలో 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు కొన్నిదినములు విశ్రమించెను. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో మొదట పాడబడిన 'జనగణమన' గీతమును ఆయన అచట పాడి వినిపించెను. దానిని ఇంగ్లీషున కనువదించెను. కళాశాలాధ్యక్షుని భార్యయు, పాశ్చాత్య సంగీతము నేర్చిన విదుషియు నగు మార్గరెట్ కజిన్స్ ఆ మెట్టును స్వరలిపిలో వ్రాసికొనెను.

ఒక మెట్టును కాగితముపై నుంచుట చిన్న పనిగా కనబడవచ్చును. ఇరువదియెనిమిది సంవత్సరములకు దాని విలువ మరియొక రూపమున తెలిసివచ్చినది. 1947లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సభ జరుగగా, వాద్యబృందము వాయించుటకు మీ జాతీయగీతమిండని మన ప్రతినిధులను అడిగిరి. మనకప్పటికి నిర్ణీతమైన జాతీయగీతము లేదు. ప్రతినిధులయొద్ద నున్న 'జనగణమన' ధ్వనిముద్రికను ఇచ్చిరి. బృందమువారు దానిని సాధనచేసి వాయింపగా సభలోని వారెల్లరు మెచ్చిరని జవహర్లాలు నెహ్రూ 1948 ఆగస్టు 25న రాజ్యాంగ సభకు తెలిపెను. గీతములోని భావముతోపాటు, అది బ్యాండుపై, వాద్యబృందముపై చక్కగా పలుకునా యను విషయము కూడ నాడు గణనకు వచ్చెను. 1950 జనవరి 24న అది జాతీయగీతమయ్యెను. పూర్తిగా వాయించుటకు పట్టు కాలము సుమారు 52 సెకనులు. వాద్యబృందమునకు అమరునట్టి గుణము ఒక జాతి గౌరవమునకు తోడ్పడిన సందర్భమిది.

అమర్చు విధము

ఇక అసలు పనిని చూతము. ఉదాహరణకు ఇంగ్లండు స్వరకర్త ఎడ్వర్డు ఎల్గారు (1857–1934) కూర్చిన 'పాంప్ అండ్ సర్కంస్టెన్స్' మొదటి కవాతు గీతమును గ్రహింతము. 1901 అక్టోబరు 19న లివర్‌పూలు నగరమున అది మొదట వాయింపబడినది. ఫిడేళ్ళు, పిల్లనగ్రోవులు, క్లారినెట్లు, నాలుగు కొమ్ములు, బూరలు, హార్పులు, చర్చిలో వాయించు ఆర్గను, రకరకముల డ్రమ్ములు, తుదకు గజ్జెలు కూడ అందున్నవి. దీనిని నాలుగు సాక్సోఫోనులకును, డ్రమ్ములకును అమర్చవలెననిన ఎట్లు?

మొదటి చిక్కు శ్రుతి. ఎల్గారు గీతము రెండు శ్రుతిలో నున్నది. మన నాటక పద్యములు పాడువారికి హార్మోనియపు మెట్ల లెక్క తెలిసినదే. ఆల్టో సాక్సోఫోనున మూలషడ్జమపు వ్రేళ్ళు వేసి ఊదినచో పలుకునది రెండున్నర శ్రుతి. టెనర్ సాక్సోఫోనున అవే వ్రేళ్ళకు పలుకునది ఆరున్నర శ్రుతి. గీతమును ఉన్నదున్నట్లు రెండు శ్రుతిలోనే వాయింపబూనినచో ఆల్టోవాని వ్రేళ్ళకు అయిదు తీవ్రస్వరములు అడ్డుపడును. తెలిసిన అమరికకారుడు గీతమును అరమెట్టు పైకెత్తి రెండున్నర శ్రుతికి తెచ్చును. అప్పుడు ఆల్టోవాడు తన సహజ షడ్జముననే నిలుచును. టెనరువాడు తన మధ్యమ స్థానమును షడ్జముగా చేసికొనును. వినువానికి అరమెట్టు భేదము తెలియదు. వాయించువానికి సగము భారము తగ్గును.

రెండవ చిక్కు స్థాయి. ఫిడేళ్ళ సమూహము మందరము మొదలు అతి తారము వరకు పరుగిడును. ఒక్కొక్క సాక్సోఫోనునకు సుమారు రెండున్నర స్థాయిలే కలవు. కావున ఒక్క పరుగును ఇద్దరికి పంచవలెను: క్రింది సగమును టెనరు ఎత్తుకొని సోప్రానోకు అందింపవలెను. చేయి మారినట్లు వినువానికి తెలియరాదు.

మూడవ చిక్కు ఊపిరి. కమానుకు ఊపిరి అక్కరలేదు, మనుష్యునకు కావలెను. మన సన్నాయి మేళము దీనికి ఏనాడో ఉపాయము కనిపెట్టినది. ఒకడు వాయించుచుండగా వేరొకడు ఊపిరి పీల్చును. శ్రుతి పట్టువాడు బుగ్గలలో గాలి నిలిపి నాదము తెగనీయడు. ఎల్గారు గీతపు నడిమి భాగమున నెమ్మదిగా సాగు ప్రసిద్ధమైన మెట్టు కలదు. అది మొదట మూలశ్రుతినుండి మధ్యమమునకు మారి, ఆ మధ్యమమునే షడ్జముగా చేసికొని పలుకును. గీతాంతమున మూలశ్రుతికే తిరిగివచ్చి ఘనముగా ముగియును. ఈ దీర్ఘమైన మెట్టును ఆల్టో, టెనరు ఇద్దరును కలిసి వాయించుచు, వేరువేరు చోటుల ఊపిరి తీసికొనవలెను. అట్లయినచో పాట తెగదు.

నాలుగవది తాళము. ఈ కవాతు నడక రెండు దెబ్బల గతి. అట్టి నాలుగు గళ్ళు చేరిన ఎనిమిది దెబ్బలు. అనగా ఒక ఆదితాళావర్తనము. పదునారు గళ్ళ చరణము నాలుగావర్తనములు. లెక్క సరిపోయినందుననే మన డోలువాడు పరదేశపు కవాతును మొదటి సారి విన్నప్పుడే పట్టుకొనగలడు. అమెరికావాడైన సూసా 1889లో కూర్చిన 'వాషింగ్టన్ పోస్టు' వంటి గీతములలో ఒక్కొక్క దెబ్బ మూడు ముక్కలగును. అది మనవారి తిశ్రగతియే.

ఇక పంపకము. సోప్రానోకును ఆల్టోకును మెట్టు. టెనరునకు దానికి బదులు చెప్పు ఉపస్వరము. బారిటోనునకు దెబ్బ దెబ్బకు మంద్రస్వరము. పెద్ద బృందమున కొమ్ములు దెబ్బకును దెబ్బకును నడుమ 'పా, పా' అని ఎదురు పలుకుట వినియుందురు. ఆ పని చేయుటకు సాక్సోఫోను మిగులదు. అచటనే చర్మవాద్యములు ముందుకు వచ్చును. డోలు ఎడమవైపు దెబ్బ మంద్రస్వరమునకు తోడు. కుడివైపు దెబ్బ కొమ్ముల ఎదురు పలుకునకు బదులు. నగారాల దీర్ఘగర్జనకు మన అనంతపురము సీమకు పేరు తెచ్చిన ఉరుము కలదు. ఆ వాద్యమునకు ఆ పేరు ఊరకే రాలేదు. బూరలు ఒక్కుమ్మడి పలుకవలసిన చోట ఇత్తడి తాళములు. ఎల్గారు గజ్జెలు కోరినాడు. మనవద్ద వానికి కొదువ లేదు.

సాక్సోఫోను ఒక్కటే యున్నచో? అప్పుడు పూరకస్వరములను మెట్టులోనే ఇమిడ్చవలెను. దీర్ఘస్వరము నిలుచు చోట వాయించువాడు షడ్జ గాంధార పంచమములను చకచక తాకి మరల మెట్టునకు వచ్చును. ఇది అలంకారము కాదు. లేనివారి పాలును తానే వాయించుట.

ధర్మవరపు నేతగానికి ఈ విషయము చెప్పనక్కరలేదు. పెద్ద అంచుకై గీసిన నమూనాను చిన్న అంచుపై వేయవలసివచ్చినప్పుడు అతడు బొమ్మనంతయు నలిపి చిన్నది చేయడు. ఏ హంసను, ఏ తీగను చూచి జనులు దానిని గుర్తింతురో దానిని నిలిపి, తక్కినదానిని విడుచును. కవాతు గీతమున ఆ హంస మెట్టు. ఆ తీగ నడక. ఆ రెండును నిలిచినచో ఎనుబదిమంది పని ఎనమండుగురు చేసినను గీతము గీతముగనే యుండును.

వ్రాయని భాగము

ఇంతవరకు చెప్పినది సంతోషకరమైన చరిత్ర. ఇక చెప్పవలసినది సంకటము.

ఎల్గారు గీతము కాగితముపై నున్నది. నూరు సంవత్సరములు దాటినను ఎవరైనను చూచి వాయింపగలరు. దీక్షితుల నోట్టుస్వరములు గ్రంథములకెక్కినవి. జనగణమన స్వరములు మదనపల్లెలోనే కాగితమున కెక్కినవి. కాని మన వీథిలో ఆ కవాతు గీతమునకు డోలువాడు ఏ దెబ్బలు కూర్చెను? ఎచట ఆగెను? ముగింపు తీర్మానము నెట్లు కట్టెను? అది యేచటను వ్రాసి లేదు. తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చినది. కొడుకు వేరొక జీవనోపాధికై బెంగుళూరు పోయినచో అది తండ్రితోనే పోవును. ఇప్పుడు యంత్రమున నిండిన పాటను బండిపైనుండి వినిపించి ఊరేగింపు నడుపుట సులభమైనది. మేళము పిలుచువారు తగ్గుచున్నారు. మేళము పిలిచిన ఇంటనైనను వాద్యకారుడు పందిరి వెలుపలనే నిలిచి, చివరి పంక్తిలో భోజనము చేసి వెళ్ళుట మనము చూచియే యున్నాము. లేపాక్షిలో బ్రహ్మకిచ్చిన మద్దెలను వాయించు మనుష్యునకు మన వీథిలో ఇచ్చిన స్థానము ఇది. ఈ మాట వ్రాయుటకు నాకును సిగ్గుగానే యున్నది. ఏలయన ఆ పందిళ్ళలో నేనును కూర్చుండినవాడనే.

వ్రాయకుండుటవలన ఏమగునో మనకు తెలియనిది కాదు. పెనుకొండ కొలువునకు సాళువ నరసింహరాయలు అన్నమాచార్యులను రప్పించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ మహావాగ్గేయకారుని (1408–1503) సంకీర్తనములు వేలకొలది రాగిరేకులపై తిరుమలలో భద్రముగా నిలిచినవి. రేకులపై పదము కలదు, రాగము పేరు కలదు, స్వరము లేదు. కొన్ని శతాబ్దుల పిమ్మట పదములు దొరికినను ఆయన పాడిన మెట్లు దొరకలేదు. మన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తిరుపతిలో ఆ పదములకు క్రొత్తగా స్వరములు కూర్చి లోకమున కందించిరి. ఆయన విద్వత్తు మనకు గర్వకారణము. కాని ఆయనకా శ్రమ కలుగుటకు కారణమేమి? రాగిపై పదమును చెక్కినవారు స్వరమునకును రెండు గీతలు చెక్కియుండినచో ఆ పదములు నేడు వేరువిధముగ మనకు వినబడియుండును.

రాగిరేకులకే ఆ గతి పట్టగా, రేకే లేని డోలు దెబ్బకు గతి యేమి?

కావున ఈ రజతోత్సవ సందర్భమున సభ్యులకు ఒక మనవి చేయుచున్నాను. మన గ్రంథాలయమున గళ్ళ కాగితపు పుస్తకమొకటి తెరువవలెను. ధర్మవరపు నేతగాడు నమూనా గీయునట్టి కాగితమే చాలును. వరుసకు ఎనిమిది గళ్ళు. అది ఒక ఆవర్తనము. పై వరుసలో సాక్సోఫోను స్వరము, సరిగమలుగానే. రెండవ వరుసలో డోలు కుడిచేయి, మూడవ వరుసలో ఎడమచేయి. నాలుగవ వరుసలో పెద్ద డ్రమ్మును తాళములును. అయిదవ వరుస ఉరుమునకు. సగము దెబ్బకు గడిని రెండుగా చీల్చిన సరిపోవును. తిశ్రగతికి మూడుగా చీల్చవలెను. దీనికి సంగీత పండితులు కానక్కరలేదు. ఎనిమిది లెక్కింపగలిగి, ఓపికతో వినగలిగినవారు చాలుదురు. మన పఠన మందిరమునకు వచ్చు పాఠశాల విద్యార్థులలో అట్టివారు కలరు.

పక్షమున కొక సాయంకాలము మేళమువారిని పిలువవలెను. పిలిచినవారిని వసారాలో నిలువబెట్టక, వార్తాపత్రికల బల్ల ప్రక్కనున్న కుర్చీలలోనే కూర్చుండబెట్టవలెను. ఒక్క కవాతు గీతమును గ్రహించి, నెమ్మదిగా, ముక్కముక్కగా వాయింపుమని కోరవలెను. వ్రాసినదానిని చదివి వినిపించి, తప్పులను వారిచేతనే దిద్దింపవలెను. ఉరుము దేవతారాధనమునకు సంబంధించిన వాద్యము. కావున ఏది వ్రాయవచ్చునో ఏది వ్రాయగూడదో వారినే అడిగి నడచుకొనవలెను. చేతి ఫోనున ధ్వనిని భద్రపరచుట నేడు సులభమే, అదియును చేయవలసినదే. కాని ధ్వని ఒక్కటే చాలదు. ధ్వని వినిపించును, వ్రాత నేర్పును. ప్రతి పుటయందును వాయించినవారి పేరు, వారికి నేర్పినవారి పేరు వారి సమ్మతితో వ్రాయవలెను. ఎల్గారు పేరు ప్రపంచమెరుగును. ఆయన గీతమును మన నడకకు తెచ్చిన చేతుల పేర్లు మనమైనను ఎరుగవలదా?

గ్రంథాలయమనగా అచ్చయిన పుస్తకములను దాచు గది మాత్రమే యనుకొన్నచో ఈ పని మనది కాదు. మన సీమ నేర్చినదానిని తరువాతివారికి అందించు స్థలమనుకొన్నచో ఇది మన పనియే. ఇరువదియైదేండ్లు గడచినవి. స్వర్ణోత్సవ సంచిక వెలువడు నాటికి మన అలమారలో అట్టి పుస్తకము ఒక్కటైనను నిండియుండవలెను. అప్పుడు ఈ కిటికీ క్రింద నడచు బాలుడొకడు లోపలికి వచ్చి, ఆ పుస్తకము తెరచి, తన తాత దెబ్బను తన చేతితో మరల వాయింపగలుగును.